ఎత్తు కొలిచి మందు ఇచ్చేదెందుకు?

పిల్లలూ, మీకు జ్వరం వచ్చి అమ్మ డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన ముందుగా మిమ్మల్ని కాటా ఎక్కించి బరువు చూస్తాడు. బరువును బట్టి, "ఈ మందు ఇన్ని చెంచాలు" అని రాసి ఇస్తాడు. పెద్దవాడికి ఎక్కువ మందు, చిన్నవాడికి తక్కువ మందు. ఇందులో వింత ఏమీ లేదు.

కాని కొన్ని జబ్బులకు మందు ఇచ్చేటప్పుడు డాక్టరు బరువు చూసి ఊరుకోడు. పిల్లవాణ్ణి గోడకు ఆనించి నిలబెడతాడు. మడమలు గోడకు తగిలించమంటాడు. నెత్తి మీద చెక్క ఆన్చి ఎత్తు కూడా కొలుస్తాడు. చొక్కా కుట్టే దర్జీ ఎత్తు కొలిచాడంటే అర్థం ఉన్నది. మందుకూ ఎత్తుకూ ఏమిటి సంబంధం?

నిజం చెప్పాలంటే అక్కడ డాక్టరు చేస్తున్నది కూడా దర్జీ పనే. ఆ పిల్లవాడి ఒళ్ళంతా కప్పటానికి ఎంత గుడ్డ పడుతుందో ఆయనకు తెలియాలి. అంటే ఒంటి మీద చర్మం మొత్తం ఎన్ని చదరపు మీటర్లో తెలియాలి. అది తెలిస్తే గాని కొన్ని మందులు ఎంత ఇవ్వాలో తేలదు. మందు పోయేది కడుపులోకి. లెక్క మాత్రం చర్మానికి! ఇది ఎట్లా కుదిరిందో చూద్దాం.

ఇందుకు మనం ఒకసారి బొల్లాపల్లి పోవాలి. పల్నాడు జిల్లాలో వినుకొండ నుంచి కొండల వైపు పోతే వచ్చే ఊరు అది. అంతా మెట్ట వ్యవసాయం. పత్తి, మిరప ఎక్కువ. మిరపకోతల రోజుల్లో ఆ చుట్టుపక్కల ఎక్కడ చూసినా కల్లాలు ఎర్రగా ఉంటాయి. కోసుకొచ్చిన కాయను కుప్పగా పోసి వదిలేస్తే అది ఆరదు సరికదా, లోపల ఉమ్మదం పట్టి మెత్తబడి పాడవుతుంది. అదే కాయను పల్చగా నేర్పితే నాలుగు ఎండలకు గలగలలాడుతుంది. కుప్పగా ఉన్నప్పుడూ, నేర్పినప్పుడూ కాయ అదే, బరువూ అదే. మారినదల్లా ఎండకూ గాలికీ తగిలే పైభాగం. అంచేత బరువు ఒక సంగతి, పైభాగం ఇంకొక సంగతి అని ఆ ఊరి పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు వంటింట్లోకి రండి. అన్ని వైపులా రెండేసి సెంటీమీటర్లు ఉండేటట్టు ఒక బెల్లం ముక్క కోశారనుకోండి, పాచికలాగా. దానికి ఆరు ముఖాలు. ఒక్కొక్క ముఖం నాలుగు చదరపు సెంటీమీటర్లు. మొత్తం పైభాగం ఇరవై నాలుగు. ఇక అన్ని వైపులా ఒక్క సెంటీమీటరే ఉండే చిన్న ముక్క తీసుకోండి. దాని పైభాగం ఆరు. పెద్ద ముక్కలో బెల్లం చిన్న ముక్కకు ఎనిమిదింతలు ఉన్నది. కాని పైభాగం నాలుగింతలే ఉన్నది! ఒంటితో పోల్చి చూస్తే చిన్న ముక్కకే పైభాగం ఎక్కువన్నమాట. చిన్న బంగాళాదుంపలు కిలో చెక్కు తీసి, పెద్దవి కిలో చెక్కు తీస్తే ఎందులో తొక్క ఎక్కువ పోతుందో మీ అమ్మను అడగండి. ఆమె లెక్క వేయకుండానే చెబుతుంది.

మనుషులు బెల్లం ముక్కలు కారు గాని, ఈ లెక్క మనుషులకు కూడా ఇంచుమించు వర్తిస్తుంది. ఆ ఊళ్ళోనే ఒక రైతును ఊహించుకుందాం. ఆయన బరువు 64 కిలోలు, ఎత్తు 165 సెంటీమీటర్లు. ఆయన ఇంట్లో 8 కిలోల పసిపాప, 69 సెంటీమీటర్ల పొడుగు. బరువు చూస్తే తండ్రి పాపకు సరిగ్గా ఎనిమిదింతలు. చర్మం కొలిస్తే తండ్రిది 1.71 చదరపు మీటర్లు, పాపది 0.39. నాలుగింతలకు కాస్త పైన, అంతే. ఈ అంకెలు ఎట్లా వచ్చాయో తరవాత చెబుతాను.

పాపకు ఒంటికి మించిన చర్మం ఉన్నదంటే ఏమిటి? ఒంట్లో పుట్టే వేడి చర్మం గుండానే బయటికి పోతుంది. ఉగ్గుగిన్నెలో పోసిన పాలు, తప్పేలాలో పాలకన్న ముందే చల్లారటం మీరు చూసినదే. పసిబిడ్డ ఒళ్ళు ఉగ్గుగిన్నె వంటిది. అది చల్లారిపోకుండా ఉండాలంటే లోపల పొయ్యి జోరుగా మండాలి. జర్మనీలో మాక్స్ రూబ్నర్ అనే శాస్త్రజ్ఞుడు 1883లో దీన్ని కుక్కల మీద తేల్చాడు. మూడు కిలోల చిన్న కుక్క దగ్గరనుంచి ముప్పయి కిలోల పెద్ద కుక్క దాకా తీసుకుని ఏది ఎంత వేడి పుట్టిస్తున్నదో కొలిచాడు. కిలో బరువుకు లెక్క కడితే చిన్న కుక్క పెద్దదానికి రెండింతలకు పైగా వేడి పుట్టిస్తున్నది. అదే చదరపు మీటరు చర్మానికి లెక్క కడితే చిన్నవీ పెద్దవీ ఇంచుమించు ఒక్కటిగా ఉన్నాయి!

పొయ్యి జోరుగా మండే ఇంట్లో కట్టెలు తొందరగా అయిపోతాయి గదా. ఒంట్లో పడ్డ మందు సంగతీ కొంతవరకు అటువంటిదే. మందును విరగగొట్టేది కాలేయం. కడిగి బయటికి పంపేవి మూత్రపిండాలు. ఈ అవయవాల పని ఒంటి బరువుతోపాటు సమంగా పెరగదు. చర్మం ఎట్లా పెరుగుతుందో దాదాపు అట్లా పెరుగుతుంది. అందువల్ల నాలుగేళ్ళ పిల్లవాడు తన బరువుకు మించిన చురుకుతో చాలా మందులను వదిలించుకుంటాడు. తండ్రి బరువులో నాలుగో వంతు ఉన్నాడు గదా అని మందు కూడా నాలుగో వంతే ఇస్తే, అది చాలకపోవచ్చు.

ఇంత గొడవ అన్ని మందులకూ అక్కరలేదు. నులిపురుగుల దినం నాడు మీ బళ్ళో నమిలించే ఆల్బెండజోల్ మాత్ర ఉన్నది చూడండి. ఐదేళ్ళ పిల్లకూ ఒకటే మాత్ర, పదిహేనేళ్ళ వాడికీ ఒకటే మాత్ర. ఆ మందు కాస్త ఎక్కువైనా పిల్లకు ప్రమాదం లేదు గనుక అది చెల్లింది. జ్వరం మందుకు బరువు చూస్తే చాలు. మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య జాగా బాగా ఉన్నప్పుడు ఇట్లా సులువుగా పోవచ్చు. ఆ జాగా వెంట్రుకవాసి అయినప్పుడే దర్జీ టేపు కావలసి వస్తుంది.

అటువంటి మందు ఒకదాన్ని లోకానికి ఇచ్చినవారిలో మన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. ఆయన తోడబుట్టినవాళ్ళు ఇద్దరు స్ప్రూ అనే గ్రహణి జబ్బుతో పోయారు. మద్రాసులో వైద్యం చదివి 1922లో అమెరికా చేరాడు. హార్వర్డులో చాలా ఏళ్ళు పనిచేసి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్ళాడు. అక్కడ ఆయనా, ఆయన తోటివారూ ఫోలిక్ ఆమ్లం అనే విటమినును తయారుచేసే పద్ధతి సాధించారు. ఆకుకూరల్లో ఉండేది ఇదే. బళ్ళో మీకు వారం వారం ఇచ్చే ఇనుము మాత్రలో కలిపి ఉండేదీ ఇదే. తోడబుట్టినవాళ్ళను పొట్టన పెట్టుకున్న స్ప్రూ జబ్బుకు కూడా అది మందుగా పనికివచ్చింది.

ఆ కాలంలో బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు పిల్లల ఆస్పత్రిలో ఉండేవాడు. లుకీమియా అనే నెత్తురు కాన్సరుతో పిల్లలు ఆయన కళ్ళముందే రాలిపోతూ ఉండేవాళ్ళు. జబ్బు బయటపడ్డాక కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ముదిరినట్టు ఆయనకు తోచింది. మరొకడైతే నిరాశపడి వదిలేసి ఉండును. ఫార్బర్ తిరగేసి ఆలోచించాడు: ఈ విటమిను జబ్బుకు బలం ఇస్తున్నదంటే, విటమినుకు ఎదురుమందు ఇస్తే జబ్బు నీరసించాలి గదా!

ఆ ఎదురుమందు సుబ్బారావు పరిశోధనశాల నుంచి వచ్చింది. అది చూడటానికి అచ్చం ఫోలిక్ ఆమ్లం లాగానే ఉంటుంది, ఒకటి రెండు చోట్ల తప్ప. తాళంలో దూరే దొంగ తాళంచెవి వంటిది. దూరుతుంది, తిరగదు, బయటికి రాదు. అసలు తాళంచెవికి చోటు ఉండదు. అప్పుడు కణం రెండుగా చీలి పెరగలేదు. 1947 చివర మొదలుపెట్టి ఫార్బర్ ఆ మందును పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి: పదహారుమంది పిల్లల్లో పదిమందికి గుణం కనిపించింది. గుణం నిలవలేదు. జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. అయినా లుకీమియాకు మందు అనేది ఉండవచ్చునని మొదటిసారి తెలిసింది. ఆ మందు పేరు అమినోటెరిన్. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్. ఇది ఇప్పటికీ లోకమంతటా వాడుకలో ఉన్నది.

దొంగ తాళంచెవికి మాత్రం మంచి ఇల్లు, చెడ్డ ఇల్లు అన్న తేడా లేదు. మన ఒంట్లో తొందరగా పెరిగే కణాలు ఇంకా ఉన్నాయి: నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముకల్లో నెత్తురు తయారయ్యే మూలుగ. మందు కాస్త ఎక్కువైతే నోరు పూస్తుంది. ఇంకా ఎక్కువైతే నెత్తురు తయారవటమే ఆగుతుంది. తక్కువైతే జబ్బు కణాలు తప్పించుకుని మళ్ళీ తలెత్తుతాయి. అటు గొయ్యి, ఇటు నుయ్యి. ఇంత సన్నని గట్టు మీద పిల్లవాణ్ణి నడిపించాలంటే అడుగు కొలిచి వేయాలి.

సుబ్బారావు 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళకే పోయాడు. ఆయన మందుకు సరైన కొలబద్ద దొరకటానికి ఇంకో పదేళ్ళు పట్టింది. 1958లో డోనాల్డ్ పింకెల్ అనే పిల్లల డాక్టరు ఒక చిన్న వ్యాసం రాశాడు. ఐదు కాన్సరు మందులు తీసుకుని, చుంచెలుకకు ఎంత ఇస్తారు, పెద్ద ఎలుకకు ఎంత, పసిపిల్లకు ఎంత, పెద్దమనిషికి ఎంత అని పట్టిక వేశాడు. అందులో మెథోట్రెక్సేట్ ఒకటి. కిలో బరువుకు లెక్క కడితే అంకెలు ఒకదానికి ఒకటి పొంతన లేకుండా ఉన్నాయి. చదరపు మీటరు చర్మానికి లెక్క కడితే చుంచెలుకనుంచి మనిషి దాకా అంకెలు దగ్గర దగ్గరగా వచ్చాయి. రూబ్నర్ కుక్కల కథే మళ్ళీ! చుంచెలుకకు ఒక చదరపు మీటరు చర్మం కింద మూడు కిలోల ఒళ్ళే ఉంటుంది. పెద్దమనిషికి ముప్పయి ఏడు కిలోలు ఉంటుంది. ఇది తెలియకుండా ఎలుక మోతాదును బరువు చొప్పున మనిషికి పెంచుకుంటూ పోతే పన్నెండింతలు మించిపోతాం. (ఈ పింకెలే 1962లో మెంఫిస్ నగరంలో కొత్తగా తెరిచిన సెయింట్ జూడ్ పిల్లల ఆస్పత్రికి మొదటి డైరెక్టరు అయ్యాడు.)

అట్లా బరువు చొప్పున పెంచుకుంటూ పోయినవాళ్ళూ ఉన్నారు. 1962లోనే అమెరికాలో ఓక్లహోమా నగరం జంతుశాలలో టస్కో అనే ఏనుగుకు ఒక మతి భ్రమింపజేసే మందు ఇచ్చి చూశారు. మోతాదు నిర్ణయించటానికి ఏనుగు బరువును ఆధారం చేసుకున్నారు. పాపం, ఆ ఏనుగు కాసేపటికే కూలబడి, రెండు గంటలు గడవకముందే చనిపోయింది. దాన్ని బతికించాలని మధ్యలో ఇచ్చిన మందులు కూడా ఉన్నాయి గనుక తప్పంతా మొదటి మందుదే అనటానికి లేదు. కాని పెద్ద జంతువుకు బరువు లెక్కన మందు ఇవ్వరాదని చెప్పేటప్పుడు శాస్త్రజ్ఞులు ఇప్పటికీ టస్కో పేరు తలుచుకుంటారు.

సరే, చర్మాన్ని కొలవటం ఎట్లా? ఒలిచి పరవలేం గదా! న్యూయార్కులో డ్యూబాయ్ అనే ఇంటిపేరు గల ఇద్దరు, డెలఫీల్డ్, యూజీన్, ఈ పనికి పూనుకున్నారు. మనిషికి ఒంటికి అంటుకునే పల్చని గుడ్డలు తొడిగి, వాటి మీద జిగురు కాగితపు పట్టీలు అంటించారు. అది గట్టిపడ్డాక కత్తిరించి తీస్తే మనిషి ఆకారంలో ఒక డొల్ల వచ్చింది. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి చదునుగా పరచి ఎంత వైశాల్యమో కొలిచారు. ఆ అంకెలనుంచి ఎత్తూ బరువూ తెలిస్తే చర్మం ఎంతో చెప్పే సూత్రం ఒకటి 1916లో అచ్చువేశారు. ఇంతకీ వాళ్ళు కొలిచినది ఎంతమందిని అనుకున్నారు? తొమ్మిదిమందిని! ఆ తొమ్మిదిమంది కాగితపు చొక్కాల మీదనే ప్రపంచంలోని ఆస్పత్రులన్నీ ఎన్నో ఏళ్ళు మందులు కొలిచాయి. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా కాస్త భయమూ వేస్తుంది, నవ్వూ వస్తుంది. తరవాత ఎంతోమందిని కొలిచి చూసినవారు కూడా ఆ సూత్రం మరీ పెద్దగా తప్పలేదనే తేల్చారు.

డ్యూబాయ్ సూత్రం మీబోటివాళ్ళు నోటితో చేయగలిగేది కాదు. లాగరిథమ్ పట్టికలు కావాలి. అందుకని డాక్టర్లు మూడు నిలువుగీతల పటం ఒకటి పెట్టుకునేవాళ్ళు. ఒక గీత మీద ఎత్తు, ఇంకో గీత మీద బరువు గుర్తించి, రెంటినీ కలుపుతూ కొలబద్ద పెడితే, మధ్యగీత మీద చర్మం లెక్క కనిపించేది. 1987లో మోస్టెల్లర్ అనే ఆయన సులువు సూత్రం చెప్పాడు. అది వర్గమూలం వచ్చిన ప్రతివాడూ చేయవచ్చు. ఎత్తు సెంటీమీటర్లలో తీసుకోండి. బరువు కిలోల్లో తీసుకోండి. రెంటినీ గుణించి 3600 చేత భాగించండి. వచ్చినదానికి వర్గమూలం తీయండి. అంతే, చదరపు మీటర్లు వచ్చేస్తాయి.

చేసి చూద్దాం. మన రైతుకు నాలుగేళ్ళ కొడుకు కూడా ఉన్నాడనుకోండి. ఎత్తు 100 సెంటీమీటర్లు, బరువు 16 కిలోలు. గుణిస్తే 1600. భాగిస్తే తొమ్మిదింట నాలుగు. వర్గమూలం మూడింట రెండు. అంటే ఆ పిల్లవాడి చర్మం ఒక చదరపు మీటరులో మూడింట రెండు వంతులు. తొమ్మిదేళ్ళవాడు ఒకడు 133 సెంటీమీటర్ల ఎత్తు, 27 కిలోల బరువు ఉంటే వాడికి ఇంచుమించు ఒక చదరపు మీటరు వస్తుంది. తండ్రికి 1.71 అని ముందే చెప్పాను.

ఇక్కడ ఒక కష్టమైన సంగతి ఊహించుకోవాలి. ఆ నాలుగేళ్ళవాడు కొన్నాళ్ళుగా పాలిపోతున్నాడు. ఊరికే జ్వరం వస్తున్నది. దెబ్బ తగలకుండానే కాళ్ళ మీద కమిలిన మచ్చలు. వినుకొండలో చూపిస్తే నెత్తురు పరీక్ష చేసి, గుంటూరు తీసుకుపొమ్మన్నారు. అక్కడ లుకీమియా అని చెప్పారు. వినగానే తల్లి కూలబడిపోయింది. ఆ పేరు వింటే ఒకప్పుడు ఆశ వదులుకోవలసినదే. ఇప్పుడు అట్లా కాదు. వైద్యం మధ్యలో మానకుండా పూర్తిగా జరిగితే ఇటువంటి పిల్లల్లో ఎక్కువమంది బతికి బట్టకడుతున్నారు. అయితే వైద్యం రెండు మూడేళ్ళు సాగుతుంది. చాలా మందులు ఉంటాయి. వాటిలో సుబ్బారావు నాటి మెథోట్రెక్సేట్ ఒకటి.

నిలకడ వైద్యం నాళ్ళలో ఆ మందు సాధారణంగా చదరపు మీటరుకు 20 మిల్లీగ్రాముల చొప్పున, వారానికి ఒక్కసారి ఇస్తారు. మన పిల్లవాడికి మూడింట రెండు వంతులు గనుక 13 మిల్లీగ్రాములు. మాత్ర ఒకటి రెండున్నర మిల్లీగ్రాములు. అంటే ఐదు మాత్రలు, మరి కాస్త. ఇదే మందు ఇదే చొప్పున తండ్రికి ఇవ్వవలసి వస్తే 34 మిల్లీగ్రాములు అయ్యేది. డాక్టరు బరువొకటే చూసి, కొడుకు తండ్రిలో నాలుగో వంతు గదా అని మందు నాలుగో వంతు చేశాడనుకోండి. ఎనిమిదిన్నర మిల్లీగ్రాములే వస్తాయి. పిల్లవాడికి రావలసినదాంట్లో మూడో వంతుకు పైగా కోత పడింది! పిల్లవాడు బాగానే తిరుగుతున్నట్టు కనిపిస్తాడు, నోరూ పూయదు. కాని మూలుగలో నక్కిన జబ్బు కణాలు ఆ కోతను కనిపెడతాయి. అదే తప్పు తిరగేసి, పిల్లవాడి మోతాదును బరువు చొప్పున తండ్రికి పెంచితే 53 మిల్లీగ్రాములు అవుతాయి. అది మరొక రకం ఆపద.

గోడకు ఆనించి ఎత్తు కొలిచే ఆ రెండు నిమిషాల పనికి ఇంత విలువ ఉన్నది. ఆ కొలత ఒకసారి తీస్తే చాలదు. పిల్లవాడు పెరుగుతాడు. జబ్బు మనిషి అయినా పెరుగుతాడు. వైద్యం ముగిసేనాటికి వాడికి ఆరున్నరేళ్ళు వచ్చి, 117 సెంటీమీటర్ల ఎత్తు, 21 కిలోల బరువు అయినాడనుకోండి. లెక్క వేస్తే 0.83 చదరపు మీటర్లు, మందు పదహారున్నర మిల్లీగ్రాములు. పాత మోతాదుకన్న ఒక మాత్ర పైగా ఎక్కువ. అందుకే ఆస్పత్రికి పోయినప్పుడల్లా మళ్ళీ కాటా, మళ్ళీ గోడ. చెప్పులు విడవమంటే విసుక్కోకూడదు. చెప్పుల మందం కూడా లెక్కలోకి ఎక్కుతుంది.

ఈ లెక్క ఆస్పత్రిలో వేసేదే గాని, ఇంట్లో వేసి మాత్రలు మార్చేది కాదు. నెత్తురు పరీక్షలో కణాలు తగ్గితే, కాలేయం అలిసినట్టు కనిపిస్తే డాక్టరు సూత్రం ఏమి చెప్పినా మందు తగ్గిస్తాడు, ఆపుతాడు కూడా. పెద్దవాళ్ళకు మరొక మాట. ఈ మాత్ర వారానికి ఒక్కనాడు మాత్రమే వేసేది. రోజూ వేసే మాత్ర అనుకుని వరసగా వేసేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. కీళ్ళవాతానికి కూడా ఇదే మందు వాడతారు గనుక, మీ ఇంట్లో అవ్వకో తాతకో ఉంటే చూడండి. గోడకున్న కాలెండరులో ఆ వారం పేరు చుట్టూ ఎర్ర గుండ్రం చుట్టే పని పిల్లలు తీసుకోవచ్చు.

చర్మం లెక్క తిరుగులేనిదని కూడా అనుకోకండి. ఏడాది లోపు పసిబిడ్డల మూత్రపిండాలు ఇంకా పూర్తిగా పనిలోకి దిగవు. వాళ్ళకు చర్మం లెక్కన ఇస్తే మందు ఎక్కువైపోతుంది. అంచేత వాళ్ళకు చాలా మందులు మళ్ళీ బరువు లెక్కనే ఇస్తారు. మన 8 కిలోల పాప ఆ కోవలోదే. కార్బోప్లాటిన్ అనే మరొక కాన్సరు మందుకు చర్మాన్ని పక్కకు పెట్టి, మూత్రపిండాలు ఎంత జోరుగా వడపోస్తున్నాయో చూసి మోతాదు కట్టే పద్ధతి 1989లో వచ్చింది. నిజానికి డాక్టరుకు కావలసినది ఒంటి లోపలి పొయ్యి జోరు. అది నేరుగా తెలియని చోట చర్మం దానికి ఆనవాలు మాత్రమే.

ఒకే మనిషి మందులకే ఎన్ని కొలతలో చూడండి! సుబ్బారావు పరిశోధనశాల నుంచే 1947లో బోదకాలు జబ్బుకు హెట్రజాన్ అనే మందు వచ్చింది. దాన్ని ఒక్కొక్క రోగికి ఇచ్చేటప్పుడు కిలోకు 6 మిల్లీగ్రాముల చొప్పున బరువు చూసి ఇస్తారు. ఊరందరికీ పంచేటప్పుడు వయసు చూసి ఇస్తారు: రెండేళ్ళనుంచి ఐదేళ్ళ దాకా ఒక మాత్ర, పద్నాలుగేళ్ళ దాకా రెండు, ఆపైవారికి మూడు. మెథోట్రెక్సేటుకు మాత్రం టేపూ వర్గమూలమూ కావాలి.

ఇక మీరు చేయవలసిన పని ఒకటి ఉన్నది. కాలిన గాయాలకు వైద్యం చేసే డాక్టర్లకు ఒక చిట్కా తెలుసు. ఎవరి అరచేయి, వేళ్ళతో సహా, వాళ్ళ ఒంటి చర్మంలో దాదాపు నూరో వంతు ఉంటుంది. సెంటీమీటరు గళ్ళ కాగితం మీద మీ చెయ్యి పెట్టి, వేళ్ళు దగ్గరకు చేర్చి, మణికట్టు ముడత దాకా చుట్టూ పెన్సిలుతో గీయండి. లోపల ఎన్ని గళ్ళు పడ్డాయో లెక్కపెట్టండి. సగానికి మించి లోపల ఉన్న గడిని ఒకటిగా లెక్కించి, సగం లోపు ఉన్నదాన్ని వదిలేయండి. దాన్ని నూరు పెట్టి గుణిస్తే మీ చర్మం చదరపు సెంటీమీటర్లలో వస్తుంది. పదివేలు అయితే ఒక చదరపు మీటరు. తరవాత మిరప టిక్కీలు తూచే కాటా మీద బరువు చూసుకుని, గోడ దగ్గర ఎత్తు కొలిపించుకుని, మోస్టెల్లర్ సూత్రంతో కూడా కట్టండి. చేతి లెక్క కాస్త తక్కువగా రావచ్చు. నూరో వంతు అన్నది చుట్టుకొలతకు అన్న మాట, చెయ్యి నిజానికి అంతకన్న ఒక పిసరు చిన్నది.

మీ ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే ఆ చెయ్యి కూడా పక్కనే గీయండి. గీసేటప్పుడు చక్కిలిగిలి అని లాగేసుకుంటారు, గట్టిగా పట్టుకోవాలి. వాళ్ళ బరువు మీ బరువులో ఎన్నో వంతు? వాళ్ళ గళ్ళు మీ గళ్ళలో ఎన్నో వంతు? రెండు అంకెలూ ఆ కాగితం మీదనే పక్కపక్కన రాసి పెట్టుకోండి.